మావాడు పుస్తకం చూస్తేనే పారిపోతున్నాడు. మీ ఇళ్ళల్లో ఎలా అలవాటు చేశారు?

మొగల్రాజపురం_అమ్మ
మా బాబుకి తొమ్మిదేళ్ళు. నాలుగో తరగతి, ఇంగ్లీషు మీడియం. జనవరిలో పుస్తకాల పండక్కి తీసుకెళ్ళి 3,400 రూపాయలు పెట్టి సంచీడు పుస్తకాలు కొన్నాను. తెలుగువి, ఇంగ్లీషువి, బొమ్మలవి, సైన్సువి. ఇంటికొచ్చి అలమరలో సర్దాం. అప్పట్నుంచీ వాడు వాటి వంక చూస్తే ఒట్టు.

నేను సత్యనారాయణపురంలో రెండు గదుల అద్దె వాటాలో పెరిగాను. నాన్న రాత్రి భోజనాలయ్యాక గడప మీద కూర్చుని పైకి చదివేవారు. కరెంటు పోతే లాంతరు దగ్గరికి జరిగేవారే కానీ ఆపేవారు కాదు. పక్కవాటా పిల్లలు కూడా వచ్చి మెట్ల మీద కూర్చునేవాళ్ళు. ఆ రుచి మావాడికి అందించలేకపోతున్నానని నా దిగులు.

వేసవి సెలవుల్లో ఒక పద్ధతి పెట్టాను. రోజుకి పది పేజీలు చదవాలి, నోట్సులో సారాంశం రాయాలి, ఆ తర్వాతే ట్యాబ్. మొదటివారం చేశాడు. రెండోవారం నుంచి కడుపునొప్పి, తలనొప్పి. నిన్న నోట్సు అడిగితే "అమ్మా, నాకు పుస్తకాలంటే అసహ్యం" అన్నాడు. ఆ మాట విన్నప్పట్నుంచి నాకు అన్నం సహించట్లేదు. దయచేసి మీ అనుభవాలు చెప్పండి.

బ్రాడీపేట_నాలుగోలైను
సారాంశం రాయమన్నారు చూడండి, అక్కడే చెడింది. సినిమా చూసొచ్చిన ప్రతిసారీ రెండు పేజీలు రాయమంటే మనం మళ్ళీ హాలు గుమ్మం తొక్కుతామా?

ఏలూరురోడ్డు_పాతకాపు
పై మాటే నాదీను. ఇంకోటి. ఆ సంచీడు పుస్తకాలు ఎంచింది ఎవరు? మీరా, వాడా?

మా అమ్మాయిని లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లకి తీసుకెళ్ళి చేతిలో వంద రూపాయలు పెట్టేవాణ్ణి. నీ ఇష్టం, ఏది కొన్నా నేను నోరెత్తను అని ఒప్పందం. మొదటిసారి క్రికెటర్ల బొమ్మలున్న పాత పత్రిక కొంది, అట్ట కూడా లేదు. రెండోసారి ఊరగాయల పుస్తకం. నోరు కట్టేసుకున్నా. నాలుగోసారి దెయ్యాల కథలు తెచ్చుకుంది. ఆ దెయ్యాలే మమ్మల్ని గట్టెక్కించాయి. దుప్పటి ముసుగేసుకుని టార్చిలైటుతో చదివింది. ఇప్పుడు డిగ్రీ రెండో ఏడు, నాకే పుస్తకాలు సిఫారసు చేస్తోంది.

కృష్ణలంక_కుర్రాడు
దెయ్యాలకి జై.

లెక్కల_మాస్టారు
అందరూ కలిసి ఆ తల్లి మీద పడకండి. గుంటూరు పక్క మండలంలో హైస్కూల్లో చెబుతాను నేను. "ఇష్టమొచ్చింది కొనిస్తే చాలు, వాళ్ళే చదువుతారు" అన్నదానితో నేను ఏకీభవించను. చదవడం రావాలి కదా ముందు!

ఎనిమిదో తరగతి పిల్లాడు "స్వాతంత్ర్యం" అన్న మాట దగ్గర ఆగిపోతాడు. తకారం కింద రావత్తు, యావత్తు రెండూ ఉంటాయి. కూడబలుక్కుని ఆ మాట దాటేసరికి వాక్యం మొదట్లో ఏముందో మర్చిపోతాడు. ఇక కథలో ఆనందం ఎక్కడిది? వాడికి అది రాళ్ళబాటలో నడక. బద్ధకం అనుకుంటాం, కానీ అలసట. అక్షరం దానంతటదే పలికే దాకా సాధన కావాలి. రోజూ కావాలి. పది పేజీలు కాదు, పది నిమిషాలు. పెద్ద అక్షరాలున్న, పేజీకి రెండు మూడు వాక్యాలున్న పుస్తకం ఇవ్వండి. "చిన్నపిల్లల పుస్తకం" అని వాడు నామోషీ పడితే చెల్లికో పక్కింటి బుడ్డదానికో చదివి వినిపించమనండి. అప్పుడు నామోషీ ఉండదు.

మొగల్రాజపురం_అమ్మ
మాస్టారూ, మావాణ్ణి ఎదురుగా చూసి చెప్పినట్టుంది. "జ్ఞ" వస్తే వేలు అక్కడే ఆపేసి నా మొహం వంక చూస్తాడు. ఆ చూపుకి నేను విసుక్కున్నాను చాలాసార్లు. తల్చుకుంటే ఇప్పుడు బాధేస్తోంది.

చీమ_కుట్టింది
మాస్టారి మాట కాదనను. కానీ వాడు కూడబలుక్కోవడం అయ్యేదాకా కథ ఆగాలా? సాధన సాధనే, కథ కథే. కథ మీరు చదివి వినిపించండి. చెవికి ఒత్తులు అడ్డం రావు.

మా అమ్మమ్మది రేపల్లె దగ్గర పల్లె. చదువు లేదు. ఏడు చేపల కథ కొన్ని వందల సార్లు చెప్పుంటుంది. చేపా చేపా ఎందుకెండలేదు అంటే గడ్డిమోపు అడ్డమొచ్చింది, గడ్డిమోపా ఎందుకు అడ్డమొచ్చావంటే ఆవు మేయలేదు... చీమ దాకా. మాకు నోటికొచ్చిన కథే. అయినా మేం ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగిపోయేది. చీకట్లో ఎదురుచూసేది. మేం పరధ్యానంగా ఊ కొడుతున్నామని అనుమానమొస్తే కావాలని తప్పు చెప్పేది: "ఆవు మేపలేదంట, పాలేరు మేయలేదంట." మేం దిగ్గున లేచి కూర్చుని "కాదు కాదు, అటూ ఇటూ అయిపోయింది!" అని అరిచేవాళ్ళం. "అయితే నువ్వే సరిగ్గా చెప్పు" అనేది. అంతే, కథ మా చేతికొచ్చేది. నలభై ఏళ్ళు దాటాక ఇప్పుడు తెలుస్తోంది, ఆవిడ మాకు కథ వినడం నేర్పుతూనే చెప్పడమూ నేర్పేసింది.

కృష్ణలంక_కుర్రాడు
మా తమ్ముడు నిద్రలో కూడా ఊ కొట్టేవాడు. మా మామ్మ ఇట్టే పట్టేసేది. "ఇది దొంగ ఊ" అనేది.

బ్రాడీపేట_నాలుగోలైను
దొంగ ఊ!! మా ఇంట్లో ఈ రోజు నుంచి ఇదే మాట.

మాటలు_నేర్పే_అమ్మాయి
గుంటూరులో పిల్లలకి స్పీచ్ థెరపీ చేస్తాను. చీమ_కుట్టింది గారి అమ్మమ్మ చేసిన పనికి పెద్ద పేరే ఉంది. 1988లో అమెరికాలో వైట్‌హర్స్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన బృందం ఒక పరిశోధన అచ్చువేశారు. పుస్తకం ఊరికే చదివేసి ముగించకుండా మధ్యలో పిల్లల్ని మాట్లాడించాలి, వాళ్ళన్నదాన్ని పట్టుకుని ఇంకాస్త పొడిగించాలి, మెల్లిగా చెప్పేవాళ్ళు పిల్లలూ వినేవాళ్ళు పెద్దలూ అవ్వాలి. ఇలా కొద్ది వారాలు చేసిన ఇళ్ళల్లో పిల్లల మాట బాగా పెరిగిందని చూపించారు. మన పల్లెటూళ్ళల్లో పరిశోధన లేకుండానే జరిగిపోయిన సంగతి.

ఒక జాగ్రత్త. మాట్లాడించడమంటే పరీక్ష పెట్టడం కాదు. "నక్క రంగేంటి? ఎన్ని పళ్ళు?" అని అడిగితే పిల్లలు ముడుచుకుపోతారు. "నువ్వయితే ఏం చేసేవాడివి?" అని అడిగి ఊరుకోండి. పది సెకన్లు ఆగడం పెద్దవాళ్ళకి చాలా కష్టం, అయినా ఆగండి.

చిన్నపిల్లలున్న వాళ్ళకి ఇంకో మాట. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదేళ్ళలోపు పిల్లల కోసం ఇచ్చిన సూచనల్లో ఏడాది లోపు వాళ్ళకి తెర అసలే వద్దంది. రెండేళ్ళ నుంచి నాలుగేళ్ళ దాకా రోజుకి గంట మించొద్దంది. కూర్చోబెట్టినప్పుడు ఏం చెయ్యాలంటే, పెద్దవాళ్ళు పుస్తకం చదవడం, కథ చెప్పడం మంచిదని అందులోనే రాసింది.

ఫౌండేషన్_నాన్న
ఇవన్నీ వినడానికి బాగున్నాయి. మా పాప ఆరో తరగతి, ఐఐటీ ఫౌండేషన్. పొద్దున ఏడింటికి బస్సెక్కితే రాత్రి ఎనిమిదింటికి దిగుతుంది. అన్నం తింటూనే కళ్ళు మూతలు పడతాయి. దాన్ని కూర్చోబెట్టి రాజుగారి ఏడుగురు కొడుకుల గురించి చెప్పమంటారా? చదువుకుని ఉద్యోగం తెచ్చుకున్నాక తీరిగ్గా చదువుకుంటుంది కథలు.

లెక్కల_మాస్టారు
ఒక్క ముక్క చెబుతాను, కోపం తెచ్చుకోకండి. నా దగ్గర తప్పే పిల్లల్లో చాలామందికి లెక్క చెయ్యడం వచ్చు. లెక్కలో ఉన్న నాలుగు వాక్యాలు చదివి, ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారో బొమ్మ కట్టుకోవడం రాదు. కూడమంటే కూడతారు, "కూడాలా తియ్యాలా సార్" అని అడుగుతారు. కథలు విన్న పిల్లలు ఆ ప్రశ్న తక్కువ అడుగుతారు.

ఫౌండేషన్_నాన్న
కోపమేం లేదు మాస్టారూ. కానీ టైము ఎక్కడుందో కూడా చెప్పండి.

పటమట_ఆటోనగర్
బస్టాపు నుంచి ఇంటికి నడిచే దూరం ఎంత? మాకు ఏడు నిమిషాలు. మా పాపకి నేను చెప్పేదంతా ఆ ఏడు నిమిషాల్లోనే. గుమ్మం రాగానే ఎక్కడున్న కథ అక్కడ ఆపేస్తా. రేపటి దాకా అది నన్ను పీక్కుతింటుంది.

ఒడ్డున_కూర్చున్నా
ఇష్టం లేకపోయినా రాస్తున్నాను. ఇక్కడ అందరూ "అమ్మానాన్న చదివితే పిల్లలు చదువుతారు" అన్నట్టు మాట్లాడుతున్నారు. మా నాన్న గొప్ప చదువరి. నాలుగు బీరువాల పుస్తకాలు, అన్నిటికీ తాళం. బైండు చేయించి వీపు మీద నంబర్లు వేసేవారు. మేం ముట్టుకుంటే మడత పడుతుందని, నూనె చెయ్యి తగులుతుందని కేకలు. ఆఫీసు నుంచి రాగానే పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకునేవారు. మా అమ్మ ఏదైనా అడిగితే పేజీ తిప్పేవారు. నాకు పుస్తకం అంటే ఆ అట్ట. దాని వెనకాల నాన్న ఉండేవారు, ఎప్పుడూ ఇవతలికి రాలేదు.

నాకిప్పుడు 46. కాలేజీ పుస్తకాలు తప్ప ఏదీ పూర్తిగా చదవలేదు. నాన్న పోయి మూడేళ్ళు. బీరువాలు అలాగే ఉన్నాయి. తాళాలు నా దగ్గరే ఉన్నాయి. తెరవలేదు.

చీమ_కుట్టింది
మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఏం చెప్పాలో తెలియట్లేదండీ. రాసినందుకు మాత్రం మంచిపని చేశారు.

మాటలు_నేర్పే_అమ్మాయి
ఇది అందరం వినాల్సిన మాట. పిల్లలకి మనం చదువుతూ కనిపిస్తే చాలదు, ఆ పుస్తకంలోకి వాళ్ళని రానివ్వాలి.

సింగ్‌నగర్_మూడోఅంతస్తు
ఒడ్డున_కూర్చున్నా గారూ, మీ తాళాల మాట చదివి నేనూ రాస్తున్నాను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్ళు మా వీధిలోకి వచ్చినప్పుడు కింద వాటాలో మా మామగారి పుస్తకాలున్నాయి. మేం పైకెక్కి ప్రాణాలు దక్కించుకున్నాం. నీళ్ళు తీశాక బీరువా తలుపు తెరుచుకోలేదు. లోపల పుస్తకాలు ఉబ్బి బిగిసిపోయాయి. గడ్డపారతో తెరిచాం. బురద వాసన, దానిలోనే పాత కాగితం వాసన. కింది రెండు అరలు ముద్ద. పై అరల్లోవి తడిశాయంతే.

మా పాపకి అప్పుడు పదకొండేళ్ళు. స్కూలు లేదు, కరెంటు లేదు, ఫోనుకి చార్జింగు లేదు. డాబా మీద బట్టల తీగకి పుస్తకాలు వేలాడదీశాం. అతుక్కున్న పేజీల మధ్య పాత న్యూసుపేపరు ముక్కలు పెట్టి, ఎండకి తిప్పుతూ. కుట్టు ఊడిపోయినవి విడివిడిగా ఆరబెట్టాం, ఎగరకుండా ఒక్కోదాని మీద గులకరాయి. సాయంత్రం పేజీ నంబర్లు చూసి వరసలో పెట్టే పని పాపది. నంబరు చెరిగిపోతే చదివి చూసుకోవాలి కదా, ఏ వాక్యం తర్వాత ఏ వాక్యమని. అలా చదివింది. ఒక పుస్తకంలో 33 నుంచి 48 దాకా లేవు, ఒక ఫారం, అంటే కలిపి కుట్టిన పదహారు పేజీల కట్ట, మొత్తం పోయింది. పాప ఆ రాత్రి మా మామగారి దగ్గరికెళ్ళి "తాతయ్యా, 33లో ఏమైంది?" అని అడిగింది. ఆయన వయసు 78. వరద వచ్చిన రోజు నుంచి సరిగ్గా మాట్లాడని మనిషి. కొవ్వొత్తి వెలుగులో ఆ పదహారు పేజీలూ చెప్పారు. మధ్యలో ఆగి "ఇక్కడ నేను కొంచెం కల్పిస్తున్నానేమో" అన్నారు. "ఫర్వాలేదు, చెప్పు" అంది.

ఆ పుస్తకం ఇప్పటికీ అలాగే ఉంది. 32 తర్వాత 49. మధ్యలో పాప తన చేతిరాతతో రాసిన రూళ్ళ కాగితాలు.

కృష్ణలంక_కుర్రాడు
ఇంక ఏం రాయబుద్ధి కావట్లేదు దీని తర్వాత.

తెనాలి_ప్యాసింజరు
కాస్త పక్కకి వెళ్తున్నా. 1947 జులైలో మొదలైన చందమామ వెనకున్న చక్రపాణి గారిదీ మా తెనాలే, దానికి దశాబ్దాల పాటు భాష దిద్దిన కొడవటిగంటి కుటుంబరావు గారిదీ తెనాలే. మా ఇంట్లో నెలనెలా అది వచ్చిన రోజు ముందు ఎవరు చదవాలన్నది పెద్ద తగువు. అమ్మ తీర్పు: ఒకరు పైకి చదవాలి, మిగతావాళ్ళు వినాలి. ఆ తగువు వల్లే నాకు పైకి చదవడం వచ్చింది. ఇప్పుడు పిల్లలకి ఎవరి తెర వాళ్ళకుంది. తగువు పడాల్సిన అవసరమే లేదు.

బ్రాడీపేట_నాలుగోలైను
నాదో ప్రశ్న. తెలుగే చదవాలా? మా అబ్బాయి ఇంగ్లీషు పుస్తకాలు నమిలేస్తాడు. తెలుగు అక్షరం ముట్టడు. మా ఆవిడ దానికీ ఏడుస్తోంది.

లెక్కల_మాస్టారు
చదువుతున్నాడు కదా, సంతోషించండి.

చీమ_కుట్టింది
సంతోషించండి, కానీ వదిలెయ్యకండి. వాడి నాయనమ్మతో వాడు ఏ భాషలో మాట్లాడతాడు? అక్షరం రాకపోయినా చెవిన వెయ్యండి. స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో పిల్లల తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, అదే కథ ఇంగ్లీషులోనూ ఉంటుంది. వాడు ఇంగ్లీషులో చదివితే మీరు తెలుగులో చదవండి. ఎవరిది బాగుందో పోట్లాడుకోండి.

గవర్నరుపేట_చదువరి
కొనడం గురించే మాట్లాడుతున్నారు అందరూ. గ్రంథాలయం సంగతేంటి? మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. అది మన డబ్బే. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది ఈ బెజవాడలోనే, అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ మీద పుస్తకాలు పంపించారు. పడవ ఆగిన రేవులో జనం పుస్తకం తీసుకుని, మళ్ళీ వచ్చినప్పుడు తిరిగిచ్చేవాళ్ళు. కాలువ గట్టున నీళ్ళ బిందెతో పాటు పుస్తకం పట్టుకెళ్ళిన ఊళ్ళు మనవి.

ఫౌండేషన్_నాన్న
ఇప్పుడు వెళ్ళి చూడండి. గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదివే కుర్రాళ్ళతో కుర్చీ దొరకదు. పిల్లల బల్ల మీద కూడా వాళ్ళే.

గవర్నరుపేట_చదువరి
నిజమే, వాళ్ళకీ చోటు కావాలి పాపం. ఆదివారం పొద్దున్నే వెళ్ళండి. గుంటూరు వాళ్ళయితే బృందావన్ గార్డెన్స్ వెంకటేశ్వరస్వామి గుడిలో అన్నమయ్య గ్రంథాలయం ఉంది, పాత పత్రికల దగ్గర నుంచి ఉంటాయి. పిల్లలకి ఆ పుస్తకాల వరసలు ఒక్కసారి చూపించినా చాలు.

మిర్చియార్డు_వీధి
సింగ్‌నగర్ గారి 33వ పేజీ చదివాక నాకు పొట్లాం కాగితాలు గుర్తొచ్చాయి.

మా అమ్మకి చదువు రాదు. గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేది. రాత్రి మమ్మల్ని ముట్టుకునేది కాదు, చేతి ఘాటు మా కళ్ళకి తగులుతుందని. ఎన్నిసార్లు కడిగినా పోదు అది. కాస్త ఎడంగా పడుకుని కథ చెప్పేది. చేత్తో జోకొట్టలేక మాటతో జోకొట్టింది.

నాకు చదవడం వచ్చాక ఆవిడే ఊ కొట్టింది. కొట్లో సరుకులు కట్టిచ్చిన పేపరు ముక్క విప్పి "ఏం రాశాడో చదవరా" అనేది. పప్పు దులిపేసి, ముడతలు సాపుచేసి ఇచ్చేది. కాగితం చిరిగిన చోట వార్త ఆగిపోయేది. "తర్వాతేమైంది?" "ఇంక లేదమ్మా, చిరిగింది." "అయితే నువ్వే చెప్పు." అలా ఎన్ని దొంగతనాలకి నేను తీర్పు చెప్పానో, ఎన్ని తప్పిపోయిన ఆవుల్ని ఇంటికి చేర్చానో. ఆవిడ నిజమనే వినేది. లేదా అలా విన్నట్టు ఉండేది.

ఇప్పుడు నేను తెలుగు లెక్చరర్ని. అమ్మ ఉంది. ఇప్పటికీ ఆదివారం పేపరు నేనే చదవాలి.

ఏలూరురోడ్డు_పాతకాపు
అమ్మకి నా నమస్కారం చెప్పండి.

తందాన_తాన
లెక్చరరు గారి అమ్మ "ఊ కొట్టింది" అన్నారు చూడండి, మా బుర్రకథలో సగం బలం అదే. మా నాన్న వంతపాట కట్టేవాడు, పొన్నెకల్లు నాజర్ గారి కథ చూసి పెరిగినవాడు. 1986లో నాజర్ గారికి పద్మశ్రీ వచ్చినప్పుడు ఊళ్ళో మిఠాయి పంచాడు. కథకుడు ఒక్కడే ఉంటే బుర్రకథ కాదు. అటొకరు ఇటొకరు "తందాన తాన" అనాలి, మధ్యలో అడ్డుపడి "ఆ తర్వాత?" అనాలి, ఒకడు నవ్వించాలి, ఒకడు నిలదీయాలి. వంత డీలా పడితే ఎంత గొప్ప కథకుడైనా కుంగిపోతాడు. నాన్న రిహార్సలు ఇంట్లో చేసేవాడు, వంతకి నేనూ అక్కా. నాకు ఆరేళ్ళు. కథంతా నాకు తెలియదు, తాన అనడమే తెలుసు. అది అంటూ అంటూనే కథ వచ్చేసింది.

అమ్మా మొగల్రాజపురం, పిల్లాణ్ణి చదివించడం ఒక నెల పక్కనబెట్టి వాడికి వంత పాడి చూడు.

ఒడ్డున_కూర్చున్నా
ఒక బీరువా తెరిచాను. రెండో అరలో పిల్లల పుస్తకాలు ఒక పదిహేనున్నాయి. ఒకదాని మొదటి పేజీలో నా పేరు, నా ఆరో పుట్టినరోజు తేదీ. నాన్న చేతిరాత. నాకు ఎందుకివ్వలేదో తెలియదు. ఈ రాత్రి మా అబ్బాయితో కలిసి చదువుతాను. వాడికి పదహారు. అయినా అడుగుతాను.

సింగ్‌నగర్_మూడోఅంతస్తు
అడగండి. తప్పకుండా అడగండి.

మొగల్రాజపురం_అమ్మ
మూడు వారాల తర్వాత వస్తున్నాను. అన్నీ చదివాను, కొన్ని మావాడికీ చదివి వినిపించాను. అమ్మమ్మ తప్పు చెప్పడం, దొంగ ఊ, పొట్లాం కాగితం.

సారాంశాల నోట్సు వాడి ముందే తీసి పాత పేపర్లలో పడేశాను. సాధన మాస్టారు చెప్పినట్టు పది నిమిషాలే. పక్కింటి యూకేజీ పాపకి చదివి వినిపిస్తున్నాడు. "జ్ఞ" వస్తే ఆ పిల్ల మొహం వంక చూస్తున్నాడు, దానికి అసలు రాదు కాబట్టి తనే ఏదో ఒకటి అనేస్తున్నాడు. రాత్రి భోజనాలయ్యాక నేను గుమ్మంలో కూర్చుని పైకి చదువుతున్నాను. మొదటి మూడు రోజులు వాడు సోఫాలో ట్యాబ్‌తోనే ఉన్నాడు. నాలుగో రోజు ట్యాబ్ సౌండు తగ్గింది. నేను తల తిప్పి చూడలేదు.

నిన్న నేను వంటింట్లో ఉంటే వచ్చి "ఇవాళ నేను చెప్తా, నువ్వు ఊ కొట్టు" అన్నాడు. పుస్తకంలోది కాదు, వాడి ఆటలోని పులి కథేదో కల్పించి చెబుతున్నాడు. నేను పప్పు తాలింపు చూసుకుంటూ ఊ కొడుతున్నాను. ఉన్నట్టుండి ఆగిపోయాడు. తిరిగి చూస్తే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"పులి గడ్డి మేసింది అన్నాను. నువ్వు ఊ అన్నావ్. దొంగ ఊ!"

స్టవ్ కట్టేసి, కింద కూర్చుని, మొదట్నుంచీ చెప్పించుకున్నాను.